నవల నేర్పిన మాట

తొమ్మిదో తరగతిలో రాజశేఖర చరిత్రము చదువుతున్నాం. బైరాగి వచ్చాడు, రసవాదం తెలుసన్నాడు, రాజశేఖరుడు నమ్మాడు. అక్కడ పుస్తకం దించి, రసవాదం అంటే ఏమిటో ఎవరైనా చెప్పగలరా అని అడిగాను. వెనక బెంచీలో ఒక కుర్రాడు లేచి, "రసం అంటే చారు కదా మాస్టారూ, చారు గురించి వాదించుకోవడం" అన్నాడు. తరగతంతా గొల్లుమంది. నాకు మాత్రం ముచ్చటేసింది. తెలిసిన రెండు మాటలు చేతపట్టుకుని తెలియని మూడో మాట దగ్గరికి నడవబోయాడు వాడు. భాష నేర్చుకునే ప్రతివాడూ చేసే పని అదే.

అర్థం చెప్పకుండా చదువు సాగించాను. బంగారం రెట్టింపవుతుందన్న ఆశతో ఇంట్లో ఉన్నదంతా బైరాగి చేతిలో పెట్టడం, బైరాగి ఉడాయించడం, ఇల్లు గుల్లవడం అన్నీ వరసగా వచ్చాయి. మర్నాడు అదే కుర్రాడు తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. "రసం అంటే పాదరసం మాస్టారూ. మా తాతని అడిగాను. దాన్ని బంగారం చేస్తామని చెప్పి ఊళ్ళో జనాన్ని ముంచేవాళ్ళట." ఆ మాట ఇక వాడిది. "లోహములను బంగారముగా మార్చు విద్య" అని నేను నల్లబల్ల మీద రాసి ఉంటే, పరీక్ష అయిన సాయంత్రమే వాడి బుర్రలోంచి జారిపోయేది.

నవలలో మాటకు ఒక పని ఉంటుంది. ఆ పని కళ్ళారా చూసిన పిల్లవాడికే మాట వస్తుంది. ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పాక నేను గట్టిగా నమ్మేది ఇదొక్కటే. మన బడులు ఈ సంగతి దగ్గరికి ఎన్నిసార్లు వచ్చి ఎన్నిసార్లు దూరం జరిగాయో ఒకసారి వెనక్కి తిరిగి చూడాలనిపించింది.

వీధిబడుల రోజుల్లో మాటలు నేర్పిన పుస్తకం అమరకోశం. అమరసింహుడు సంస్కృతంలో మూడు కాండలుగా కూర్చిన పర్యాయపద నిఘంటువు అది. శ్లోకాలు గనక నోటికి సులువుగా పడుతుంది. తెలుగు మాటలకు పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహం పద్యాల్లో ఉండేది. ఇసుకలో అక్షరాలు దిద్దడం కాగానే పిల్లవాడు వీటిని వల్లె వేయడం మొదలుపెట్టేవాడు. ఒక్కో దేవుడికి ఎన్ని పేర్లో, తామరపువ్వుకు ఎన్ని పేర్లో గడగడా అప్పజెప్పేవాడు. ఆ పేరు ఏ వాక్యంలో, ఏ సందర్భంలో ఒదుగుతుందో కావ్యం పట్టినప్పుడు గాని తెలిసేది కాదు. కావ్యం దాకా అందరూ వెళ్ళేవాళ్ళూ కాదు. వల్లె వేయడాన్ని నేను తీసిపారేయను. ఆ తరం వాళ్ళ ఉచ్చారణ, ధారణ మనకు రావు. అయితే అది మాటల్ని గాదెలో పోసి తాళం వేసిన చదువు. తాళంచెవి కొందరికే దక్కింది.

ఈ సంగతిని అప్పుడే గమనించినవాడు బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లాల్లో బడుల లెక్కలు పంపమన్నాడు. కాంప్‌బెల్ 1823లో పంపిన నివేదికలో బళ్ళారి జిల్లాకు 533 బడులు, 6,641 మంది విద్యార్థులు అని ఉంది. ఈయన అంతకు ముందే తెలుగు వ్యాకరణం, నిఘంటువు రాసినవాడు. కాబట్టి లెక్కతో ఆగలేదు. బడిలో చదివే పద్యాల భాష ఒకటి, పిల్లలు ఇంట్లో మాట్లాడే భాష ఒకటి అని, లెక్కలేనన్ని పద్యాలు నోటికి వచ్చిన పిల్లవాడికి వాటి అర్థం చిలకకు తెలిసినంతే తెలుసునని రాశాడు. తర్వాతి నూరేళ్ళ తెలుగు చదువు గొడవంతా ఆ నివేదికలో ముడి విప్పకుండా ఉంది.

చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో వచ్చింది. పద్యం లేకుండా వచనంలో కథ చెప్పి తెలుగు నేర్పే పుస్తకాల్లో దానికి దక్కిన గౌరవం మరొకదానికి దక్కలేదు. మిత్రలాభం, మిత్రభేదం చదవకుండా తెలుగు పండితుడు అనిపించుకున్నవాళ్ళు చాలాకాలం లేరు. కాకి, ఎలుక, తాబేలు మాట్లాడుకుంటుంటే పిల్లవాడు వినేవాడు. కథ లాక్కుపోతుంటే మాటలు వెంట నడిచేవి. ఇది పెద్ద అడుగు. కాని ఆ కాకి, ఆ ఎలుక మాట్లాడింది బాలవ్యాకరణానికి సరిపోయే తెలుగు. సరిగ్గా ఆ రోజుల్లోనే సి.పి. బ్రౌన్ తన తెలుగు–ఇంగ్లిషు నిఘంటువులో (1852) కావ్యాల మాటల పక్కనే సంత మాటలనూ కచేరీ మాటలనూ కూర్చోబెట్టాడు. తెలుగులో కలిసిపోయిన పరభాషా పదాలకు 1854లో మిశ్రభాషా నిఘంటువు విడిగా వేశాడు. మన పండితుల దారి వేరు. బహుజనపల్లి సీతారామాచార్యులు శబ్దరత్నాకరం (1885) ఎంతో శ్రమతో, నిష్ఠతో చేసిన పని. ఇప్పటికీ నా బల్ల మీద ఉంటుంది. గ్రామ్యమని పక్కన పెట్టిన మాటల కోసం మాత్రం బ్రౌన్‌ను తిరగేయాల్సిందే.

నవల పుట్టింది ఈ రెండు దారుల మధ్య. 1872లో నరహరి గోపాలకృష్ణమ చెట్టి శ్రీరంగరాజ చరిత్రము రాశాడు. 1878 నుంచి వివేకవర్ధని పత్రికలో కందుకూరి వీరేశలింగం పంతులు రాజశేఖర చరిత్రము వచ్చింది, 1880లో పుస్తకమైంది. కందుకూరి బడిపంతులు. అందుకే ఆ నవల పుట్టుకలో బడి వాసన ఉంది. ఆయనకు ప్రేరణ గోల్డ్‌స్మిత్ రాసిన వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్. మన దేశంలో ఇంగ్లిషు చదువుకున్నవాళ్ళు మాటలూ నుడికారమూ పట్టుబడతాయని చదివిన నవల అది. పరాయి మాటలు నేర్పిన పుస్తకం సొంత భాషలో నవల రాయడానికి ఊపిరి పోసింది. పుస్తకమైన ఏడేళ్ళకు, 1887లో, ఆ తెలుగు నవలే జె. రాబర్ట్ హచిన్సన్ చేతిలో ఫార్చ్యూన్స్ వీల్ పేరుతో ఇంగ్లిషులోకి మారి లండన్‌లో అచ్చయింది.

రాజశేఖర చరిత్రము ధవళేశ్వరంలో మొదలవుతుంది. గోదావరి, కొండ, గుడి, గుడి చుట్టూ చేరే మనుషులు. ఇంటికి వచ్చి పొగిడేవాళ్ళు, జాతకాలు చెప్పేవాళ్ళు, దయ్యాలు వదిలించేవాళ్ళు, దారిలో దోచుకునేవాళ్ళు. పందొమ్మిదో శతాబ్దపు గోదావరి ఇంటి మాటలు, వీధి మాటలు ఇంత కుదురుగా ఒకచోట చేరిన పుస్తకం అంతకు ముందు లేదు. చుట్టరికాలు చూడండి. ఆ ఇంట్లో ఎవరికి ఎవరు ఏమవుతారో అర్థమైతేనే కథ అర్థమవుతుంది. మా తరగతిలో పిల్లలకు అంకుల్, ఆంటీ తప్ప వరసలు రావని తల్లిదండ్రులు వాపోతుంటారు. నల్లబల్ల మీద రాజశేఖరుడి వంశవృక్షం గీయించాను. మేనరికం, తోడల్లుడు, వియ్యంకుడు, తోటికోడలు అన్నీ ఆ చెట్టు కొమ్మలకు పిల్లలే తగిలించారు.

కష్టం కూడా ఉంది, దాచడం ఎందుకు? గ్రాంథికంలో అచ్చయిన పేజీ నేటి పిల్లవాడికి గోడలా కనిపిస్తుంది. అరసున్న ఎందుకో తెలియదు, బండి ఱ ఎందుకో తెలియదు. అంతకంటే పెద్ద చిక్కు సంధి. ఒక మాట ఎక్కడ ముగిసి ఇంకో మాట ఎక్కడ మొదలైందో తెలిస్తేనే కదా అర్థం వెతుక్కునేది! మూడు మాటలు కలిసి ఒకటైపోయి, క చోట గ, త చోట ద వచ్చి కూర్చుంటే నిఘంటువు చేతిలో ఉన్నా ఏ అక్షరం దగ్గర తెరవాలో పాలుపోదు. నేను మొదటి రెండు ప్రకరణాలు పైకి చదివి వినిపిస్తాను. చెవికి సంధి అడ్డు రాదు. కంటికి అందని మాట చెవికి అందుతుంది. మూడో ప్రకరణం నాటికి వాళ్ళే చదువుతారు.

కందుకూరి గురించి ఇంకొక్క మాట చెప్పి ముందుకు వెళ్తాను. గ్రాంథికంలో ఇంత రాసిన ఆ మనిషే 1919 ఫిబ్రవరిలో రాజమహేంద్రవరంలో ఏర్పడిన వ్యావహారిక భాషా సమాజానికి అధ్యక్షుడయ్యాడు. ఆ మేలోనే కన్నుమూశాడు. జీవితం చివర్లో తన పుస్తకాల భాషకు అవతలి గట్టున నిలబడటానికి ఎంత గుండె కావాలి!

ఆ సమాజానికి కార్యదర్శి గిడుగు రామమూర్తి పంతులు. వ్యావహారికోద్యమం కథ తెలుగువాళ్ళకు తెలిసిందే, కాని దాన్ని రచయితల శైలి తగాదాగా చెప్పుకోవడం అలవాటైంది. అది మొదలైంది తరగతి గదిలో. విశాఖపట్నం ప్రాంతంలో బడుల తనిఖీకి వచ్చిన జె.ఎ. యేట్స్ తెలుగు నేర్చుకుంటూ, జనం మాట్లాడే తెలుగు పుస్తకాల్లో ఎందుకు లేదని అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల మనిషి పర్లాకిమిడిలో ఉన్నాడు. గిడుగు అప్పటికే కొండల్లోని సవరల భాష నేర్చుకుని, సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పించడానికి పూనుకున్నవాడు. లిపి లేని భాషకు వాచకాలు తయారుచేసినవాడికి ఒక సంగతి తెలుసు. పిల్లవాడు బడికి ఖాళీ చేతులతో రాడు. వేల మాటలు వెంటబెట్టుకుని వస్తాడు. కొత్త మాటలన్నీ వాటి మీదే నిలబడాలి. సవర పిల్లవాడికి వర్తించింది తెలుగు పిల్లవాడికి వర్తించదా?

స్కూల్ ఫైనల్ పరీక్షలో వాడుక తెలుగులో రాయవచ్చునని 1912–13 ప్రాంతంలో వచ్చిన వెసులుబాటు, జయంతి రామయ్య పంతులు, ఆంధ్ర సాహిత్య పరిషత్తు అభ్యంతరాలతో ఎక్కువ కాలం నిలవలేదు. గురజాడ 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రం ఇచ్చాడు. అదీ పనిచేయలేదు. బడి ఓడింది. నవల ఆగలేదు. ఆ తర్వాత యాభై ఏళ్ళ పాటు వాడుక తెలుగు మాటలు బడిపిల్లల చేతికి వచ్చింది పాఠ్యపుస్తకంలోంచి కాదు, దిండు కింద దాచుకుని చదివిన నవలల్లోంచి.

అలాంటి నవలల్లో మాలపల్లి పేరు ముందు చెప్పాలి. ఉన్నవ లక్ష్మీనారాయణ రాయవేలూరు జైల్లో ఉండి రాశారు, 1922లో వెలుగు చూసింది. మాలవాడలో ఒక ఇల్లు. రామదాసు, మహాలక్ష్మి, వాళ్ళ కొడుకు సంగదాసు, మిగతా పిల్లలు. పాలేర్లకు ధాన్యంగా ఇచ్చే కూలిని డబ్బుగా మార్చాలన్న భూస్వాముల ఎత్తుగడ దగ్గర కథ బిగుస్తుంది. గుంటూరు పల్లెల్లో పనిచేసే మనుషుల నోటి మాట అంతకు ముందు ఇంత ధారాళంగా అచ్చులోకి రాలేదు. పొలం మాటలు, కళ్ళం మాటలు, తత్వాలు పాడుకునేవాళ్ళ మాటలు, జైలు మాటలు. మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. కొన్ని భాగాలు తీసేశాక 1935లో మళ్ళీ వచ్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం దాన్ని పాఠ్యగ్రంథంగా పెట్టగానే 1936లో మళ్ళీ నిషేధం, పాఠ్యక్రమంలోంచి తొలగింపు. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చాక గాని ఆ ముడి వీడలేదు. నవల బజారులో ఉండటం కంటే విద్యార్థి చేతిలో ఉండటం దొరతనానికి ఎక్కువ భయం కలిగించిందన్నమాట. పాలేరు, కూలి, కుంచం అన్న మాటలు పరీక్ష రాసే కుర్రాడి నోటికి వస్తే, వాటి వెనక ఉన్న లెక్కలు కూడా వస్తాయి.

1924లో వచ్చిన మొక్కపాటి నరసింహశాస్త్రి బారిష్టరు పార్వతీశం నా వృత్తిలో నాకు అన్నిటికంటే ఎక్కువ సాయం చేసిన పుస్తకం. మొగల్తూరు కుర్రాడు కాలవ పడవ ఎక్కి, రైలెక్కి, ఓడెక్కి బారిష్టరు చదువుకు సీమకు బయల్దేరతాడు. పిల్లవాడు ఏ మాటలు ఎరగడో పార్వతీశమూ ఆ మాటలే ఎరగడు. మద్రాసులో కొన్న టోపీ ఆడవాళ్ళదని తెలియక నెత్తిన పెట్టుకు తిరుగుతాడు. కత్తులు, చెంచాల ముందు కూర్చుని బిత్తరపోతాడు. తెలియని మాట ఎదురైనప్పుడు మనిషి ఎలా తడబడతాడో, ఎలా ఊహిస్తాడో, ఎలా పప్పులో కాలేస్తాడో కథే చూపిస్తుంది. ఉపవాచకంగా చదివిన తరాల్లో ఈ పుస్తకం మర్చిపోయినవాళ్ళు నాకు తారసపడలేదు.

1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం నవలల పోటీలో బహుమతిని పంచుకున్న విశ్వనాథ వేయిపడగలు, అడివి బాపిరాజు నారాయణరావు గురించి ఇక్కడ కొద్దిగానే చెబుతాను. వేయిపడగలు మాటల సముద్రం. గుడి, వ్యవసాయం, వైద్యం, సంగీతం, నాట్యం అన్నిటి పదజాలం అందులో ఉంది. పదో తరగతి పిల్లలతో చదివించబోయి నేను విఫలమయ్యాను. కథ కంటే మాట బరువైతే ఈ వయసు పిల్లలు పుస్తకం మూసేస్తారు. ఏకవీర చిన్నది, చేతికి అందుతుంది. వేయిపడగలకు ఇంకో పదేళ్ళు ఆగవచ్చు, ఆగి చదవాలి కూడా.

బడి బయట జరిగిన చదువును ఏ లెక్కల్లోనూ ఎవరూ రాయలేదు. గ్రంథాలయోద్యమం ఊరూరా బీరువాలు తెరిచింది. 1935లో పాతూరి నాగభూషణం పూనికతో కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలవలో పుస్తకాల పడవే నడిచింది. 1947లో చందమామ వచ్చింది. ఆ తర్వాత వారపత్రికల సీరియళ్ళు, అద్దె పుస్తకాల షాపులు. ఐదో తరగతితో చదువు ఆగిపోయిన ఆడవాళ్ళు యద్దనపూడి సెక్రటరీ లాంటి నవలలు చదివి, పక్కింటామెకు కథ చెప్పి, ఎన్ని మాటలు సంపాదించుకున్నారో! మా అమ్మ ఉత్తరాలు 1960లలో ఎలా ఉండేవో, పదేళ్ళ తర్వాత ఎలా మారాయో నా దగ్గర ఉన్న కట్ట చెబుతుంది. ఆమెకు ఏ పంతులూ సొంతవాక్యాలు రాయించలేదు.

నిజాం రాజ్యంలో సంగతి వేరు. అక్కడ పైచదువు ఉర్దూలో. తెలుగు పుస్తకమే అపురూపం. దేశోద్ధారక గ్రంథమాల పెట్టి ఊరూరా తిరిగి పుస్తకాలు అమ్మిన వట్టికోట ఆళ్వారుస్వామి, తానే ప్రజల మనిషి రాసి తెలంగాణ నవలకు బాట వేశాడు. ఆ బాటలో దాశరథి రంగాచార్య 1969లో చిల్లర దేవుళ్ళు ఇచ్చారు. గడి, దొర, వెట్టి, బాంచెన్, పటేలు, పట్వారీ. కోస్తా వాచకాలతో చదువుకున్న నాకు ఆ నవల కొత్తగా తెలుగు నేర్పింది. తన ఊరి మాట అచ్చులో చూసుకున్న తెలంగాణ పిల్లవాడి మనసు ఎలా పొంగి ఉంటుందో ఊహించుకోగలను. గిడుగు పుట్టిన ఆగస్టు 29ని, కాళోజీ పుట్టిన సెప్టెంబరు 9ని భాషా దినోత్సవాలుగా జరుపుకుంటున్నాం. రెండు తేదీలూ ఒకే గాయాన్ని గుర్తుచేస్తాయి. బడి మాట వేరు, ఇంటి మాట వేరు కావడమే ఆ గాయం.

చిల్లర దేవుళ్ళలో ఆడబాప అన్న మాట ఉంది. చేతిపుస్తకంలో దీనికి ఎదురుగా దాసి అని వేస్తే పని అయిపోతుంది, మార్కు కూడా వస్తుంది. నవల చదివిన పిల్లవాడు దాసి అని రాయలేడు. దొర కూతురికి పెళ్ళయితే అరణంతో పాటు ఆమె వెంట పంపే పిల్ల ఆడబాప. ఆమెకు పెళ్ళి ఉండదు. ఆమె కన్న బిడ్డకు తండ్రి పేరు ఉండదు. దొరనూ దొర ఇంటికి వచ్చిన వాళ్ళనూ కాదనే హక్కు ఆమెకు ఉండదు. నవలలో ఆడబాప వనజను చూశాక ఒక అమ్మాయి నన్ను అడిగింది: "మాస్టారూ, ఈ మాటకు పర్యాయపదం ఉందా?" లేదమ్మా అన్నాను. ఒక మాటకు పర్యాయపదం లేదని పిల్లలు గ్రహించిన రోజు మా తరగతిలో అదొక్కటే.

డాక్టర్ కేశవరెడ్డి అతడు అడవిని జయించాడు గురించి చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. చిత్తూరు సీమ ముసలివాడు తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ అడవిలోకి వెళ్తాడు. అక్కడ అది ఈనుతుంది. చిన్న నవల, నాలుగు రోజుల్లో అయిపోతుంది. మా పిల్లలు చాలామంది "పంది పిల్లల్ని కన్నది" అని రాసేవాళ్ళు. తప్పు అని ఎర్ర సిరా పెట్టినప్పుడు వాళ్ళకు ఎక్కలేదు. పుస్తకం చదివాక చూడి, ఈనడం, ఈత అన్న మాటలు వాటంతట అవే నోటికి వచ్చాయి. గేదె ఈనుతుంది, పంట ఈనుతుంది, అరటాకుకు ఈనె ఉంటుంది. ఆ గంటంతా పిల్లలు ఆ ఒక్క మాట చుట్టూ తిరిగారు. ఈనడానికీ ఈనెకూ చుట్టరికం ఉందా లేదా అని వాదులాడుకుంటుంటే నేను కుర్చీలో కూర్చుని విన్నాను.

ఇలాంటి మాటలు ఎంత అపురూపమో భద్రిరాజు కృష్ణమూర్తి గారు ముందే గుర్తించారు. ఆయన సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలతో, 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వేసింది. రైతుల దగ్గరికి వెళ్ళి అడిగి రాసుకున్న నిఘంటువు అది. ట్రాక్టర్లు, కోత యంత్రాలు వచ్చాక వాటిలో సగం మాటలకు పొలంలో పని లేకుండా పోయింది. వాటికి ఇప్పుడు రెండే ఇళ్ళు, ఆ పదకోశం, మన నవలలు. పదకోశంలో మాట పడుకుని ఉంటుంది, నవలలో లేచి తిరుగుతుంది.

మరి ఇంత సంపద ఉండి బడిలో ఏం జరిగింది? పరీక్ష జరిగింది. అర్థాలు, నానార్థాలు, పర్యాయపదాలు, వ్యుత్పత్త్యర్థాలు, ప్రకృతి–వికృతులు, సొంతవాక్యాలు. ఒక్కొక్కటీ మంచిదే, భాష లోతు చూపించేదే. కాని వాటికి గైడు వచ్చింది, క్వశ్చన్ బ్యాంకు వచ్చింది, సొంతవాక్యం కూడా అందులోదే అయింది. రాష్ట్రమంతా పిల్లలు ఒకే సొంతవాక్యం రాస్తుంటే దాన్ని సొంతమని ఎలా అంటాం? ఉపవాచకాన్ని చదవకుండానే పది ప్రశ్నలకు జవాబులు బట్టీపట్టడం రివాజైంది. ఒక బడిలో నేను కొత్తగా చేరినప్పుడు ఉపవాచకం కట్టలు దారం కూడా విప్పకుండా బీరువాలో కనిపించాయి. ఆ ఏడాది ఫలితాలు మాత్రం నూటికి నూరు. కాంప్‌బెల్ చెప్పిన చిలక మళ్ళీ వచ్చి వాలింది, ఈసారి శ్లోకాలకు బదులు జవాబులతో.

పైన చెప్పినదంతా నా అనుభవం మీద నమ్మకంతో చెప్పాను. దీనికి పరిశోధన తోడూ ఉంది. ఆంథొనీ బర్జెస్ 1962లో రాసిన ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్ అనే ఇంగ్లిషు నవలలో కుర్రాళ్ళు మాట్లాడుకునే కల్పిత యాస ఉంది. రష్యన్ మూలాల నుంచి చేసిన రెండువందల నలభై పైచిలుకు మాటలు అవి. 1978లో సరగి, నేషన్, మీస్టర్ అనే ముగ్గురు పరిశోధకులు ఇంగ్లిషు మాతృభాషగా ఉన్న పెద్దవాళ్ళకు ఆ నవల ఇచ్చారు. చివర పదకోశం లేదు. మాటల మీద పరీక్ష ఉంటుందని చెప్పలేదు. చదివాక హఠాత్తుగా 90 మాటలు అడిగితే సగటున నాలుగింట మూడు వంతులకు సరైన అర్థం గుర్తించారు. ఎవరూ నేర్పలేదు, కథ నేర్పింది. ఎక్కువసార్లు ఎదురైన మాట ఎక్కువమందికి వచ్చింది. అదే పరంపరలో 2000లో వచ్చిన మరో అధ్యయనం, ఎవరి సాయమూ లేకుండా కథ చదివి హాయిగా అర్థం చేసుకోవాలంటే నూటికి తొంభై ఎనిమిది మాటలు ముందే తెలిసి ఉండాలని చెప్పింది. వేయిపడగల దగ్గర మా పిల్లలు ఎందుకు జారిపోయారో నాకు అప్పుడు అర్థమైంది. ఆ లెక్క ఇంగ్లిషుది. విభక్తులూ సంధులూ మాటకు అతుక్కుపోయే తెలుగులో యథాతథంగా పనికిరాదు. దారి మాత్రం అదే చూపిస్తుంది. పిల్లవాడికి ఒంటరిగా చదవడానికి ఇచ్చే నవల వేరు, పంతులు పక్కన ఉండి చదివించే నవల వేరు.

అందుకే నేను మొదటి చదువులో అర్థాలు చెప్పను. కథ ఆగకూడదు. రెండోసారి వెనక్కి వచ్చినప్పుడు ఒక్కొక్కరూ తమను ఆపిన ఐదు మాటలు రాసుకుంటారు. ఎవరి ఐదు వాళ్ళవి. ముందు ఊహ రాయాలి, తర్వాత ఇంట్లో పెద్దవాళ్ళను అడగాలి, చివరికి నిఘంటువు. ఈ వరస తిరగబడితే రుచి పోతుంది. అమెరికాలో సిలికానాంధ్ర 2007లో మొదలుపెట్టిన మనబడి లాంటి చోట్ల తెలుగు చెబుతున్న పాత విద్యార్థులు ఇద్దరు నాతో ఇప్పటికీ మాట్లాడుతుంటారు. అక్కడి పిల్లలకు అడగడానికి వీధిలో పెద్దవాళ్ళు లేరు. వీడియోలో అమ్మమ్మను అడిగిస్తున్నామని చెప్పారు. పార్వతీశం అక్కడ బాగా నడుస్తోందట. కొత్త దేశంలో చెంచా పట్టుకోవడం రాని మనిషి కథ వాళ్ళ తాతల్లో చాలామంది కథే కదా.

నేను పదవీ విరమణ చేసే ఏడాది పదో తరగతి అమ్మాయి ఒకతె మాలపల్లి ఇంటికి పట్టుకెళ్ళింది. వాళ్ళ నాయనమ్మ కూలికి వెళ్ళిన మనిషి, అక్షరం రాదు. వారం తర్వాత అమ్మాయి నోట్‌బుక్ తెచ్చింది. కూలి ధాన్యం దగ్గర ఆగిపోయి కొలతలు అడిగిందట. నాయనమ్మ వంటింట్లోంచి గ్లాసులు, డబ్బాలు, బియ్యం తీసి నేల మీద కొలిచి చూపించిందట. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. పక్కనే బొమ్మలు వేసింది. కింద ఇంకో వాక్యం ఉంది, కుంచం నిండుగా పోస్తే ఒక కూలి, తలగొట్టి పోస్తే ఇంకో కూలి అని. తలగొట్టడం అంటే కుంచం మీద అరచెయ్యి అడ్డంగా పెట్టి పైధాన్యాన్ని తోసేయడమట. అది నాయనమ్మ చేతి మాట. అంతకు ముందు నేను వినలేదు, నా నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

"రోజూ రాత్రి నాయనమ్మకు చదివి వినిపిస్తున్నాను మాస్టారూ. ఆ సంగదాసు ఏమవుతాడని ఒకటే అడుగుతోంది. ఇంకో వారం ఉంచుకోనా?"

ఏమవుతాడో నేను చెప్పలేదు. పుస్తకం ఉంచుకోమన్నాను.